కారు ఇంధన వ్యవస్థలో బోల్టులు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే భాగాలు) మార్పించుకున్నవారు, క్యాబిన్‌లో పెట్రోలు వాసన వస్తోందని కంగారు పడేవారు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టార్క్ రెంచ్ (బోల్టును తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను కొలిచే పనిముట్టు) కొని సొంతంగా పనికి దిగబోయేవారు తిరిగి తిరిగి ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకని జవాబులను పని జరిగే క్రమంలో ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఇక్కడ ఇచ్చిన అంకెలు విషయం అర్థం కావడానికే. బోల్టు మీద రెంచ్ పెట్టేటప్పుడు మాత్రం మీ ఇంజిన్‌కు తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ విలువనే పాటించండి.

## పని మొదలుపెట్టే ముందు

నా కారులో ఏ రకం ఇంధన వ్యవస్థ ఉందో తెలుసుకోవడం అవసరమా? ఏ కారుదైనా బోల్టు బోల్టే కదా?

అవసరం. బోల్టు ఆపవలసిన పీడనం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. స్విఫ్ట్, వ్యాగన్ఆర్ వంటి పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయటే, గాలి దారిలో ఇంధనాన్ని చిమ్మే) పెట్రోలు కార్లలో ఇంధన పైపులో ఉండేది సుమారు 3 నుంచి 4 బార్లు. కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఇది మన ఊహకు అందే పీడనమే. వెన్యూ 1.0 టర్బో, టైగన్ టీఎస్‌ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) పెట్రోలు ఇంజిన్లలో అది వందల బార్లకు చేరుతుంది. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్ అయితే 1,600 బార్లు, కొన్నింటిలో 2,000 కూడా దాటుతుంది. మొదటి రకంలో పొరపాటు జరిగితే చెమ్మ, వాసన కనిపిస్తాయి. చివరి రకంలో వెంట్రుకవాసి సందు ఉన్నా డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరగలదు.

ఈ పని సొంతంగా చేసుకోవచ్చా, మెకానిక్‌కే ఇవ్వాలా?

పోర్ట్ ఇంజెక్షన్ కారులో ఫిల్టరు, ఇంజెక్టర్ రైలు (ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టం), ట్యాంకు పంపు వంటివి ఓపిక, సరైన పనిముట్లు ఉన్నవారు చేసుకోవచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్ హై ప్రెజర్ పంపు, డీజిల్ కామన్ రైలు జోలికి ఇంట్లో వెళ్ళవద్దనే మా సలహా. సరైన టార్క్‌తో బిగించడం వాటిలో సగం పనే. పీడనం దిగిందో లేదో కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌లో చూడాలి, కొత్త డీజిల్ ఇంజెక్టర్ మీద ఉన్న కోడ్‌ను ఆ కంప్యూటర్‌లో (ఈసీయూలో) ఎక్కించాలి. వారంటీలో ఉన్న కారైతే ఏ రకమైనా సరే, ముందు సర్వీస్ సెంటర్‌ను అడగండి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసుకుంటే పరవాలేదా? వెలుతురు బాగానే ఉంటుంది.

వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి తేలి పోదు, నేలబారుగా పాకి సెల్లార్ మూలల్లో నిలుస్తుంది. హైదరాబాద్ సెల్లార్లలో సరిగ్గా ఆ మూలల్లోనే సంపు మోటారు, దాని ఆటోమేటిక్ స్విచ్, లిఫ్ట్ ప్యానెల్, ఎవరో ఒకరి ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జర్ ఉంటాయి. నీటి మట్టం తగ్గగానే మోటారు తనంతట తానే ఆన్ అవుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోలు సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన కూడా మండే ఆవిరిని ఇస్తుంది, ఇక మన ఏప్రిల్, మే ఎండల సంగతి చెప్పనక్కరలేదు.

గాలి ఆడే ఆరుబయట, ఉదయం పూట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. కింద చెప్పినట్టు పైపులో ప్రెజర్ దింపాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. చేతికందే దూరంలో డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ ఉంచుకోండి. మండుతున్న పెట్రోలు మీద నీళ్ళు పోస్తే అది నీటిపై తేలి మంటను ఇంకా దూరం తీసుకెళ్తుంది.

టార్క్ విలువ ఎక్కడ దొరుకుతుంది? ఎవరో వీడియోలో చెప్పింది సరిపోతుందా?

సరిపోదు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు ఇంజిన్లు అమ్ముతారు. వీడియోలోని కారు మీ కారులాగే కనిపించినా లోపలి రైలు ప్లాస్టిక్‌ది కావచ్చు, మీది ఉక్కుది కావచ్చు. కారుతో వచ్చే చిన్న పుస్తకంలో సాధారణంగా చక్రాల నట్ల టార్క్ ఉంటుంది కానీ ఇంధన వ్యవస్థది ఉండదు. మీ ఇంజిన్ కోడ్, తయారైన సంవత్సరం చెప్పి సర్వీస్ మాన్యువల్ విలువ సంపాదించండి.

కొలమానం చూసుకోవడం మరీ ముఖ్యం. 1 కిలోగ్రామ్ ఫోర్స్ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. 1 ఫుట్ పౌండ్ అంటే 1.36 న్యూటన్ మీటర్లు. 10 న్యూటన్ మీటర్లు కావలసిన చోట రెంచ్‌ను 10 ఫుట్ పౌండ్ల గీత మీద పెడితే మూడో వంతుకు పైగా ఎక్కువ బిగిస్తారు. అల్యూమినియంలో పట్టిన చిన్న బోల్టుకు అది చాలు, థ్రెడ్ (మర) పోవడానికి.

ఎలాంటి టార్క్ రెంచ్ కొనాలి?

చక్రాలు బిగించే పొడవాటి అర అంగుళం రెంచ్ ఈ పనికి పనికిరాదు. ఇంధన వ్యవస్థలో చాలా బోల్టులు 8 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటాయి. పావు అంగుళం డ్రైవ్‌తో 5 నుంచి 25 వరకు కొలిచేది ఒకటి ముందు కొనండి. క్లిక్ రెంచ్‌లు మామూలుగా 4 శాతం అటూ ఇటూగా చూపిస్తాయి. తమ పరిధిలో అట్టడుగు గీతల దగ్గర వాటిని అంతగా నమ్మలేం. రాణిగంజ్ దుకాణాల్లో అన్ని ధరల్లోనూ దొరుకుతాయి. డబ్బాలో ఆ రెంచ్ నంబరుతోనే క్యాలిబ్రేషన్ కాగితం ఉందో లేదో చూసి తీసుకోండి. పని అయ్యాక అతి తక్కువ గీతకు తిప్పి పెట్టండి. దాంతో బోల్టులు విప్పకండి.

## విప్పేటప్పుడు

ఇంజిన్ ఆపేశాను కదా, పైపులో ఇంకా ప్రెజర్ ఎందుకు ఉంటుంది?

మర్నాడు ఉదయం వెంటనే స్టార్ట్ అయ్యేందుకు వీలుగా పంపులోని చెక్ వాల్వ్ ఇంధనాన్ని పైపులోనే పట్టి ఉంచుతుంది. పోర్ట్ ఇంజెక్షన్ కారులో ఇంధన పంపు ఫ్యూజు లేదా రిలే తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, అది తనంతట తాను ఆగిపోయేదాకా నడవనివ్వండి. తర్వాత ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి. ట్యాంకు మూత ఒకసారి తెరిస్తే అక్కడి ఆవిరి ఒత్తిడి కూడా పోతుంది. ఆపై కలయిక చుట్టూ గుడ్డ చుట్టి, నెమ్మదిగా వదులు చేయండి. ఎలా చేసినా కొంత ఇంధనం వస్తుంది, కళ్ళద్దాలు తప్పనిసరి.

డైరెక్ట్ ఇంజెక్షన్, కామన్ రైలు ఇంజిన్లలో మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, రైలు పీడనం స్కానర్‌లో చూశాకే స్పానర్ పెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా వాటి పైపు నట్టు వదులు చేయడం పాత డీజిల్ లారీల కాలపు అలవాటు. ఇప్పటి పీడనంలో అది వేళ్ళు పోగొట్టుకునే పని.

విప్పే ముందు అంతా కడగాలంటారు, కొంచెం దుమ్ముకే అంత భయమా?

డీజిల్ ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఎటు చూసినా తవ్వకాలు, కట్టడాలు ఉన్న ఈ ఊళ్ళో ఇంజిన్ మీద పేరుకునే ఇసుక ఆ సందుకన్నా చాలా ముతక. ముందు బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయండి. విప్పిన ప్రతి కొననూ వెంటనే ప్లాస్టిక్ మూతతో మూసేయండి. బనియన్ గుడ్డ కుక్కవద్దు, దాని పీచు లోపలే ఉండిపోతుంది.

విప్పిన బోల్టులు, వాషర్లే మళ్ళీ వాడొచ్చా? అవి చూడటానికి బాగానే ఉన్నాయి.

చూపుకు బాగుండటం ఇక్కడ లెక్కలోకి రాదు. బోల్టులు మూడు రకాలు. మామూలు బోల్టు థ్రెడ్ శుభ్రంగా ఉంటే మళ్ళీ వాడొచ్చు. రెండోది, టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెప్పే రకం. కొన్ని ఇంజెక్టర్ క్లాంప్ బోల్టులు ఇలా ఉంటాయి. వీటిలో చాలావాటిని తిరిగి కోలుకోనంత సాగదీసి బిగిస్తారు, కాబట్టి మార్చమని మాన్యువల్ చెబితే మార్చాల్సిందే. మూడోది, థ్రెడ్ మీద రంగు పూత ఉన్నది. ఆ పూత కదలికకు వదులు కాకుండా పట్టే జిగురు, ఒకసారికే పని చేస్తుంది.

రాగి, అల్యూమినియం వాషర్లు నలిగి, ఎదుటి ఉపరితలం ఆకారానికి సర్దుకోవడం ద్వారానే లీకును ఆపుతాయి. ఒకసారి నలిగినది రెండోసారి అలా సర్దుకోదు. బాంజో బోల్టుకు (ఇంధనం లోపలినుంచే పారే బోలు బోల్టు) పైపు కన్నుకు అటొకటి ఇటొకటి చొప్పున రెండు వాషర్లు ఉంటాయి. రెండూ మార్చాలి. పాత వాషర్ అంటుకుని ఉండగా దానిపైనే కొత్తది పడటం తరచూ జరిగేదే, అందుకే వేళ్ళతో తడిమి చూడండి. డైరెక్ట్ ఇంజెక్టర్ కొనకు ఉండే టెఫ్లాన్ రింగు కూడా బయటికి తీస్తే కొత్తది వేయాల్సిందే. హై ప్రెజర్ పైపులను సైతం విప్పిన ప్రతిసారీ మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. వాటి కొనన ఉన్న గుండ్రటి తల మొదటి బిగింపులోనే ఎదుటి భాగంలోని శంకువు ఆకారపు గుంటకు అచ్చు పడిపోతుంది.

ఓ-రింగుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అన్ని రబ్బర్లూ దాన్ని తట్టుకోవు, కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి. పుత్లీబౌలీ విడిభాగాల దుకాణాల్లో కొలత చూసి డబ్బాలోంచి తీసిచ్చే రింగు కొలతకు సరిగ్గా సరిపోవచ్చు, కానీ అది ఏ రబ్బరో అమ్మేవారికీ తెలియదు. పది రూపాయల దగ్గర బేరం ఆడకుండా మీ కారు పార్ట్ నంబరుతోనే తీసుకోండి.

## బిగించేటప్పుడు

మా మెకానిక్ ఇరవై ఏళ్ళుగా చేతి అంచనాతోనే బిగిస్తున్నారు. టార్క్ రెంచ్ నిజంగా కావాలా?

ఆయన చేయి అబద్ధం చెప్పదు, కానీ ఆ చేయి నేర్చుకున్న కార్లు వేరు. కార్బ్యురేటర్ కాలంలో ఇంధన పంపు పీడనం ఒక బారులో సగం కూడా ఉండేది కాదు. కాస్త అటూ ఇటూ అయినా బండి క్షమించేది. ఇప్పుడు బోల్టు దిగేది అల్యూమినియంలోకి, లేదంటే ప్లాస్టిక్‌లో కూర్చోబెట్టిన ఇత్తడి గొట్టంలోకి.

లెక్క చూడండి. 15 సెంటీమీటర్ల స్పానర్ కొనను 10 కిలోల బలంతో లాగితే బోల్టు మీద దాదాపు 15 న్యూటన్ మీటర్లు పడుతుంది. 10 కిలోలంటే మనకు బలం వాడినట్టే అనిపించదు. అదే చోట ఆ చిన్న బోల్టుకు కావలసింది 8 నుంచి 10 మాత్రమే కావచ్చు. రెండో సంగతి, మీరు పెట్టే టార్క్‌లో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి భాగాలను నొక్కిపట్టేందుకు మిగిలేది పదో వంతే. తుప్పు, మట్టి ఉంటే ఆ పదో వంతూ తగ్గిపోతుంది, చేతికి మాత్రం బాగా గట్టిగా ఉన్నట్టు తెలుస్తుంది. చేతికి తెలిసేది రాపిడి. లీకును ఆపేది నొక్కుడు బలం. రెంచ్ కూడా రాపిడితో కలిపే కొలుస్తుంది, అందుకే శుభ్రమైన థ్రెడ్ లేకుండా టార్క్ విలువకు అర్థం లేదు.

థ్రెడ్‌కు నూనె రాస్తే మంచిదా?

మాన్యువల్ రాయమంటేనే. విలువ పొడి థ్రెడ్‌కు ఇచ్చి ఉంటే, నూనె రాసినప్పుడు రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. ఓ-రింగుకు మాత్రం చెప్పిన నూనె పలుచగా రాసి కూర్చోబెట్టాలి. పొడిగా దించితే మెలిపడి కోసుకుపోతుంది.

రైలు, పైపులు, పంపు… ఏది ముందు బిగించాలి?

మాన్యువల్‌లో వరుస ఉంటే అదే వరుస. దాని వెనక ఉన్న తర్కం ఒకటే: గట్టి పైపు ఎటూ వంగి సర్దుకోదు, కాబట్టి మిగతా భాగాలే దానికి తగినట్టు కుదురుకోవాలి. అందుకే ముందు అన్నింటినీ వేళ్ళతో మాత్రమే పట్టిస్తారు. పైపు నట్టు స్పానర్ అవసరం లేకుండా వేళ్ళతో చివరిదాకా వెళ్ళాలి. వెళ్ళకపోతే పైపు వంకరగా ఉన్నట్టే. స్పానర్‌తో లాగి తెచ్చుకుంటే ఆ రోజుకు లీకు ఉండదు, కానీ కొన్ని నెలల కంపనం తర్వాత పైపు మెడ దగ్గర పగులుతుంది. అన్నీ వేళ్ళతో కుదిరాక సాధారణంగా ఇంజెక్టర్లు, తర్వాత రైలు, చివరికి పైపు నట్లు బిగుస్తాయి.

వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద కూర్చునే డైరెక్ట్ ఇంజెక్షన్ పంపుకు అడుగున గట్టి స్ప్రింగు ఉంటుంది. ముందు ఇంజిన్‌ను తిప్పి, ఆ షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగం (క్యామ్), పంపును నెట్టే ట్యాపెట్ కిందినుంచి తప్పుకుని, అది పూర్తిగా దిగి ఉండేలా చూడాలి. ఆ తర్వాత రెండు బోల్టులనూ మార్చి మార్చి అర చుట్టు చొప్పున దించాలి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళితే పంపు ఒరుగుతుంది, దాని చెవి విరగొచ్చు లేదా బోల్టు థ్రెడ్ అడ్డంగా దిగొచ్చు. బోల్టు ఏదైనా, మొదటి నాలుగైదు చుట్లు చేత్తో తిప్పండి. అప్పుడు థ్రెడ్ అడ్డం పడితే వెంటనే తెలుస్తుంది.

‘10 న్యూటన్ మీటర్లు, ఆపై 90 డిగ్రీలు’ అని రాశారు. ఇదెలా చేయాలి?

ముందు 10 వద్ద క్లిక్ వచ్చేదాకా బిగించండి. తర్వాత రెంచ్ పక్కన పెట్టి, మామూలు రాచెట్‌తో పావు చుట్టు తిప్పండి. కోణం కొలిచే డయల్ లేకపోతే బోల్టు తల మూల ఒకదానికి, దాని ఎదురుగా కదలని భాగం మీద ఒకటి పెయింట్ చుక్కలు పెట్టుకోండి. ఆరు మూలల తలలో ఒక మూల నుంచి పక్క మూలకు 60 డిగ్రీలు, 90 అంటే ఒకటిన్నర ముఖం. మధ్యలో ఎక్కడ ఆగారో మరిచిపోతే ఊహించి పూర్తి చేయకండి, కొత్త బోల్టుతో మళ్ళీ మొదలుపెట్టండి.

పైపు అడ్డంగా ఉంది, సాకెట్ ఎక్కడం లేదు. ఏం చేయాలి?

పైపు దూరేంత సందు మాత్రమే ఉండి నట్టును చుట్టూ పట్టే క్రో ఫుట్ అనే తల రెంచ్‌కు తగిలించాలి. దాన్ని రెంచ్‌కు నేరుగా ముందుకు పెడితే పిడి పొడవు పెరిగి, చూపిన దానికన్నా ఎక్కువ టార్క్ పడుతుంది. కావలసిన టార్క్‌ను రెంచ్ పొడవుతో గుణించి, రెంచ్, తల కలిపిన మొత్తం పొడవుతో భాగించండి. 25 సెంటీమీటర్ల రెంచ్‌కు 5 సెంటీమీటర్ల తల, కావలసింది 30 న్యూటన్ మీటర్లు అయితే, రెంచ్‌ను 25 దగ్గర పెట్టాలి. లెక్క వద్దనుకుంటే తలను రెంచ్‌కు లంబంగా, 90 డిగ్రీలలో పెట్టండి. అప్పుడు చూపిందే పడుతుంది. మామూలు రెండు ముఖాల స్పానర్‌తో మెత్తటి పైపు నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి.

లీకు రాకుండా టెఫ్లాన్ టేపు చుట్టొచ్చా?

వద్దు. అది ఇంట్లో కుళాయిలకు. ఇక్కడ సీలు చేసేది పైపు కొనన లోహానికి లోహం తాకే చోటు, లేదా వాషర్. థ్రెడ్‌కు ఆ పని లేదు. పైగా తెగిన టేపు ముక్క నేరుగా ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది.

వెనక సీటు కింద ఉండే ట్యాంకు పంపు రింగును సుత్తితో కొట్టి బిగిస్తున్నారు. సరైన పద్ధతేనా?

సరైనది కాదు, ఊళ్ళో అత్యధికంగా కనిపించేది మాత్రం అదే. ప్లాస్టిక్ రింగు పళ్ళు విరుగుతాయి. ఉక్కు రింగు మీద ఇనుప ఉలితో కొడితే నిప్పురవ్వలు కూడా రావొచ్చు, అదీ తెరిచిన ట్యాంకు మీద. రింగు పళ్ళకు పట్టే పనిముట్టు వాడాలి. కొత్త సీలు వేసి, పంపును అడుగుకు నొక్కిపట్టి, రింగు మీది గుర్తు ట్యాంకు మీది గుర్తుకు వచ్చేదాకా తిప్పాలి. రింగు బదులు చిన్న బోల్టులు ఉన్న కార్లలో వాటిని ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి.

క్లిక్ రావడం లేదు, బోల్టు తిరుగుతూనే ఉంది!

ఆపేయండి. థ్రెడ్ పోయింది, లేదా బోల్టు సాగిపోతోంది. పొడవైన బోల్టు వేయడం, థ్రెడ్‌లో తీగ ముక్క పెట్టడం, జిగురు పోయడం ఇంధన వ్యవస్థలో చేయకూడని పనులు. రంధ్రాన్ని తొలిచి ఉక్కు థ్రెడ్ ఇన్సర్ట్ వేస్తే మళ్ళీ పూర్తి బలం వస్తుంది. ఆటోనగర్‌లో ఈ పని తెలిసినవారు ఉన్నారు. తొలిచిన అల్యూమినియం రజను ఇంజిన్‌లోకి పడకుండా చూడటమే అందులో అసలు నైపుణ్యం.

## బిగించాక

లీకు ఉందో లేదో ఎలా చూడాలి?

తీసిన ఫ్యూజు, బ్యాటరీ తీగ పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి కొన్ని క్షణాలు ఆగండి. పంపు పైపును నింపుతుంది. రెండు మూడుసార్లు ఇలా చేసి ప్రతి కలయికనూ టార్చి వెలుగులో చూడండి, పొడి కాగితంతో అద్దండి. పొడిగా ఉంటేనే స్టార్ట్ చేయండి. ఇంజిన్ వేడెక్కాక, మళ్ళీ పూర్తిగా చల్లారాక కూడా ఇంకోసారి చూడండి. కొన్ని కలయికలు చల్లారి కుంచించుకున్నప్పుడే కారుతాయి.

హై ప్రెజర్ వైపు, ఇంజిన్ నడుస్తుండగా చేత్తో తడమవద్దు. ఆ సన్నటి ధార కంటికి కనిపించదు. పొడవాటి అట్టముక్కను దూరం నుంచి ఆడించి, తడి పడుతుందేమో చూడాలి. పొరపాటున చర్మంలోకి దూరితే పైకి సూదిగుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి మొదట్లో తక్కువే ఉండొచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, అధిక పీడనంతో ఇంధనం లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి. గంటల్లో శస్త్రచికిత్స అవసరం కావొచ్చు.

నట్టు దగ్గర చెమ్మగా ఉంది. ఇంకాస్త బిగిస్తే ఆగిపోదా?

ఈ పేజీ రాయడానికి సగం కారణం ఈ ప్రశ్నే. సరైన టార్క్ పెట్టాక కూడా కారుతోందంటే లోపం బిగింపులో లేదు. వాషర్ పాతదై ఉండొచ్చు, శంకువు మీద ఇసుక రేణువో గీతో ఉండొచ్చు, పైపు వంకరగా కూర్చుని ఉండొచ్చు. ఇంకాస్త బిగిస్తే చెమ్మ ఆ పూటకు ఆగి, పైపు కొన నలిగిపోయి, తర్వాత కొత్త పైపుతో కూడా ఆగని స్థితి వస్తుంది. ఎందుకంటే అప్పటికి ఎదుటి ముఖం కూడా చెడి ఉంటుంది. వంద రూపాయల వాషర్‌తో పోయేది రైలు మార్చేదాకా వెళ్తుంది.

ఇంజిన్ ఆపండి, పీడనం దింపండి, విప్పండి, రెండు ముఖాలనూ వెలుగులో చూడండి, కొత్త సీలు వేసి మాన్యువల్ విలువకే బిగించండి. ఇంజిన్ నడుస్తుండగా నట్టును బిగించే ప్రయత్నం ఎన్నడూ చేయకండి.

ఫిల్టరు మార్చాక డీజిల్ బండి స్టార్ట్ కావడం లేదు. ఏదైనా తప్పుగా బిగించానా?

ఎక్కువసార్లు కారణం గాలి. ఫిల్టరు మీద చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి, లేకపోతే తాళం ఆన్ చేస్తూ ఆపుతూ ఎలక్ట్రిక్ పంపుతో నింపండి. ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. డీజిలే హై ప్రెజర్ పంపుకు కందెన, పొడిగా తిరిగితే పంపు అరుగుతుంది. స్టార్ట్ అయినా మర్నాడు ఉదయం మళ్ళీ మొరాయిస్తే, పంపు డీజిల్‌ను పీల్చుకునే వైపు సీలు సరిగా కూర్చోకపోయి ఉండొచ్చు. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళ్తుంది. అందుకే చెమ్మ వెతికితే కనిపించదు.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఒకసారి బిగించాలా?

అక్కర్లేదు. చూడండి చాలు. బిగించిన రోజే బోల్టు తల మీదినుంచి పక్క భాగం మీదికి పెయింట్ గీత ఒకటి గీసి ఉంచితే, అది విరిగి కనిపించినప్పుడు బోల్టు తిరిగిందని తెలుస్తుంది.

లీకు ఎక్కడా లేదు, అయినా పెట్రోలు వాసన వస్తోంది.

ట్యాంకు నిండుగా కొట్టించిన రోజే వస్తే ట్యాంకు పంపు సీలును అనుమానించండి. మిగతా రోజుల్లోనూ వస్తే ఆవిరిని పట్టే చార్‌కోల్ క్యానిస్టర్ గొట్టాలు, ట్యాంకు మూత రబ్బరు చూడండి. పని సమయంలో ఊడదీసిన క్విక్ కనెక్టర్ (నొక్కితే పట్టుకునే పైపు కలయిక) పూర్తిగా కూర్చోకపోయినా ఇలాగే ఉంటుంది. అది టక్కుమన్నాక వెనక్కి లాగి చూడాలి, రాకూడదు. కారణం దొరికేదాకా కారును సెల్లార్‌లో నిలపవద్దు.

సీఎన్‌జీ కిట్ పైపు నట్లు కూడా ఇలాగే బిగించుకోవచ్చా?

వద్దు. నిండు సిలిండర్‌లో సుమారు 200 బార్ల వాయువు ఉంటుంది. వాసన వస్తే సిలిండర్ వాల్వ్ మూసి, కిటికీలు తెరిచి, అధీకృత కేంద్రానికి కబురు చేయండి. సిలిండర్‌కు మూడేళ్ళకోసారి చేయించవలసిన హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో చేసే పరీక్ష) తేదీ దాటిందేమో కూడా అప్పుడే చూపించుకోండి.